అరటికాయ, క్యారెట్: దేంట్లో ఏముందో ఇంట్లోనే సరిగ్గా పోల్చి చూసుకోవడం ఎలా

మా నాన్నకి షుగర్ ఉందని తేలిన కొత్తల్లో ఇంట్లో ఒక రూల్ వచ్చిపడింది. క్యారెట్ తియ్యగా ఉంటుంది కాబట్టి వద్దు, అరటికాయ చప్పగా వగరుగా ఉంటుంది కాబట్టి ఎంతైనా తినొచ్చు. ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, చుట్టాల్లో ఎవరో అనుంటారు, మేం అందరం నమ్మేశాం. వారంలో మూడు రోజులు అరటికాయ వేపుడు, దాంతో ఎప్పట్లాగే అన్నం, ఫ్రిజ్‌లో ఉన్న క్యారెట్లు మాత్రం నాన్నకి పెట్టకుండా మేం తినేవాళ్ళం. కొన్నాళ్ళకి నేనొక రాత్రి కూర్చుని అంకెలు తీసి చూస్తే గుండె గుభేలుమంది. 100 గ్రాముల పచ్చి క్యారెట్లో పిండిపదార్థం (కార్బోహైడ్రేట్), అంటే చక్కెర, పిండి, పీచు మొత్తం కలిపి 9.6 గ్రాములు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో అరటికాయకి చూస్తే 30 గ్రాముల పైనే. నాలుకకి తీపి తగిలినదాంట్లో తక్కువ, చప్పగా ఉన్నదాంట్లో మూడింతలు ఎక్కువ.

ఆ రాత్రే అరటికాయ మానేయమని చెప్పబోయా, మళ్ళీ మర్నాడు మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ పాత పుస్తకం చూస్తే అందులో అదే అరటికాయకి 14 గ్రాములే రాసుంది. ఇదేంటి, ఒకే కాయకి రెండు లెక్కలా అని తల పట్టుకున్నా. ఆ తికమక విడదీసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది, మీకు అంత పట్టకూడదని నేను చేసిన పద్ధతి మొత్తం వరసగా రాస్తున్నా. కావాల్సినవి ఒక కిచెన్ స్కేల్, ఫోన్లో కాలిక్యులేటర్, కాస్త ఓపిక.

ముందు ఏ కాయ గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన స్టెప్, అందరూ దాటేసేది కూడా ఇదే. ఇంగ్లీషులో ప్లాంటెయిన్ అని ఉంటే మనం అరటికాయ అని చదువుకుంటాం, అది చాలాసార్లు మన అరటికాయ కాదు. పశ్చిమ ఆఫ్రికాలో, లాటిన్ అమెరికాలో ప్లాంటెయిన్ అనేది పొడుగ్గా, మందం తొక్కతో, లోపల గట్టిగా పిండిపిండిగా ఉండే రకం. మన దేశంలో దానికి దగ్గర చుట్టం కేరళ నేంద్రం, చిప్స్ చేసేది. మన ఇళ్ళల్లో కూరకి ఎక్కువ వాడే బొంత అరటి వేరే జాతి, పలకలు తేలి, లావుగా, కాస్త నీరు ఎక్కువగా ఉంటుంది. కొవ్వూరు బొంత అని గోదావరి జిల్లాల వాళ్ళకి పేరు చెప్తేనే తెలుస్తుంది. ఇక సిటీల్లో కూరగాయల బండి మీద చాలాసార్లు పండాల్సిన కాయల్నే పచ్చిగా కోసి కూరకాయలని అమ్మేస్తారు, అది ఇంకో లెక్క.

అందుకే అంకెలు ఇలా మూడు రకాలుగా కనిపిస్తాయి, 100 గ్రాములకి:

అమెరికా పట్టికలో గట్టి పచ్చి ప్లాంటెయిన్ 152 కేలరీలు.
అదే పట్టికలో పసుపు తిరిగిన ప్లాంటెయిన్ 122 కేలరీలు.
మన జాతీయ పోషకాహార సంస్థ పాత పుస్తకంలో పచ్చి అరటికాయ 64 కేలరీలు.

ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. తేడా అంతా నీళ్ళల్లో ఉంది. అమెరికా వాళ్ళ పసుపు కాయలో నూటికి 65 గ్రాములు నీళ్ళు, మన పుస్తకంలో కాయలో 83 గ్రాములు నీళ్ళు. నీళ్ళు తీసేస్తే మిగిలేది మొదటిదాంట్లో 35 గ్రాములు, రెండోదాంట్లో 17. సగానికి సగం తేడా అక్కడే వచ్చేసింది కదా, కేలరీల్లోనూ అదే సగం కనిపిస్తోంది చూడండి.

మరి మీ ఇంట్లో ఉన్న కాయ ఏ రకమో ఎలా తెలియాలి? ల్యాబ్ అక్కర్లేదు. చెక్కు తీసిన ముక్కలు సరిగ్గా 100 గ్రాములు తూచి, అప్పడంలా పల్చగా చక్రాలు తరిగి, బట్ట మీద పరిచి మంచి ఎండలో పెట్టండి, ఒడియాలు ఎండబెట్టినట్టే. విరిస్తే పుటుక్కున విరిగేదాకా ఎండనివ్వండి, ఎండల్లో ఐతే రెండు మూడు రోజులు, రాత్రిపూట లోపలికి తెచ్చి మూతపెట్టి మళ్ళీ పొద్దున్నే ఆరబెట్టాలి. తర్వాత తూచండి. ఎండిన దాంట్లో కూడా కాస్త తేమ ఉంటుంది కాబట్టి, 20 గ్రాముల చుట్టుపక్కల వస్తే మీది పాత పుస్తకంలో కాయలాంటిది, 40కి దగ్గరగా వస్తే అమెరికా పట్టికలో కాయలాంటిది. మధ్యలో వస్తే మధ్యలో వేసుకోండి. వంద శాతం కరెక్ట్ కాదు గానీ గుడ్డిగా ఒక అంకె పట్టుకోవడం కంటే వంద రెట్లు నయం.

అమెరికాలో ఉండే మనవాళ్ళకి ఒక్క మాట. అక్కడ మెక్సికన్ షాపుల్లో ప్లాంటెయిన్ అని దొరికేదాంతో వేపుడు చేసుకుంటుంటారు, అది నిజంగానే ఆ గట్టి రకం, మీరు 152 అంకె వాడాలి, ఇండియాలో అమ్మ చేసే బొంతకాయ కూర లెక్క దానికి వాడకూడదు.

క్యారెట్లో కూడా రెండు రకాలు గుర్తుపెట్టుకోండి. ఏడాదంతా దొరికే ఆరెంజ్ రంగుది ఒకటి, చలికాలంలో వచ్చే ఎర్రగా పొడుగ్గా ఉండే ఢిల్లీ క్యారెట్ ఒకటి, హల్వాకి అదే బాగుంటుందని అంటారు. ఆ ఎరుపు ఎక్కువగా లైకోపీన్ వల్ల వస్తుంది, టమాటాలో ఉండేది అదే. కంటికి పనికొచ్చే బీటా కెరోటిన్ మాత్రం ఆరెంజ్ దాంట్లోనే ఎక్కువ. ఎర్రగా ఉంది కదా ఇంకా బలం అనుకోవద్దు.

పట్టిక ఒక్కటే పట్టుకోండి, రెండు కలపొద్దు

ఇది మనందరికీ గర్వంగా చెప్పుకునే విషయం కూడా కాబట్టి కాస్త ఎక్కువే రాస్తా. మన దేశంలో తిండి పదార్థాల లెక్కలన్నీ కట్టే సంస్థ హైదరాబాద్ తార్నాకలో ఉంది, జాతీయ పోషకాహార సంస్థ, అందరూ ఎన్ఐఎన్ అంటారు. 1918లో తమిళనాడు కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టర్ చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధన అది, 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969లో ఇప్పుడున్న పేరు పెట్టారు. పోషకాహార శాస్త్రవేత్త గోపాలన్ గారి ఆధ్వర్యంలో 1971లో వచ్చిన పుస్తకమే నేను పాత పుస్తకం అంటున్నది, దశాబ్దాల పాటు దేశంలో డైటీషియన్లంతా దాన్నే నమ్ముకున్నారు. తర్వాత 2017లో కొత్త పట్టికలు తెచ్చారు, 528 పదార్థాలతో. అందులో ఆరెంజ్ క్యారెట్ వేరే, ఎర్ర క్యారెట్ వేరే ఇచ్చారు.

కొత్తదాంట్లో ఒక చిక్కుంది, శక్తి కేలరీల్లో ఉండదు, కిలోజౌల్స్‌లో ఉంటుంది. చూడగానే అంకె పెద్దగా కనిపించి అమ్మో అనిపిస్తుంది, 4.184తో భాగిస్తే మనకి తెలిసిన కేలరీలు వస్తాయి. మామూలుగా కేలరీ అని మనం అనేది నిజానికి కిలోకేలరీ, రెండూ ఒకటే అనుకుని ముందుకెళ్ళండి.

ఎందుకు రెండు పట్టికలు కలపొద్దంటున్నానంటే, పాత పుస్తకంలో క్యారెట్ కెరోటిన్ 1890 మైక్రోగ్రాములు, అమెరికా పట్టికలో బీటా కెరోటిన్ ఒక్కటే 8285. కొలిచే పద్ధతి వేరు, రకం వేరు, కాలం వేరు. క్యారెట్‌ని ఒకదాంట్లోంచి, అరటికాయని ఇంకోదాంట్లోంచి తీసుకుని పక్కపక్కన పెడితే మీకు కావాల్సిన దాన్ని గెలిపించుకోవచ్చు, అది పోల్చడం కాదు. వాట్సాప్‌లో తిరిగే చార్టుల్లో సగం ఇలాగే తయారవుతాయి. రెండూ ఒకే పట్టికలోవి తీసుకోండి, కింద నేను అన్నీ అమెరికా పట్టికవే వాడుతున్నా, ఎందుకంటే అందులో పచ్చిది, ఉడికించింది, వేయించింది అన్నీ విడివిడిగా ఉన్నాయి.

తూకం వేసేది తొక్కతోనా, తొక్క తీశాకా

పట్టికల్లో 100 గ్రాములంటే తినే భాగం. అరటికాయకి తొక్క బరువే దాదాపు 35 శాతం. క్యారెట్‌కి తల, తోక, చెక్కు కలిపి 11 శాతం పోతుంది. అంటే తొక్కతో 200 గ్రాములున్న అరటికాయ చెక్కు తీశాక 130కి వస్తుంది, 200 గ్రాముల క్యారెట్ 178కి వస్తుంది. మనవాళ్ళు కొందరు అరటికాయ పైన పసరు పొర మాత్రం గీకేసి తొక్కతోనే కూర చేస్తారు, వాళ్ళకి ఈ లెక్క మారుతుంది, అందుకే మీరు మూకుట్లో వేసే ముక్కల్నే తూచండి, అదే అసలైన బరువు.

తూచేటప్పుడు ఒక చిన్న ఇబ్బంది. చెక్కు తీసిన ముక్కలు తూచి లెక్క రాసుకునే లోపే నల్లబడిపోతాయి. ఇంట్లో పెద్దవాళ్ళు అదంతా ఐరన్ అంటారు, మా అమ్మమ్మ కూడా అదే చెప్పేది, ఒంట్లో రక్తం పడుతుందని ప్రేమగా పెట్టేది. కానీ ఆ నలుపు ఐరన్ కాదు, కాయలో ఉండే వగరు పదార్థాలు గాలి తగిలి, అందులోనే ఉండే ఒక ఎంజైమ్ వల్ల రంగు మారతాయి, వంకాయ కోస్తే నల్లబడినట్టే, యాపిల్ కోస్తే గోధుమరంగు వచ్చినట్టే. పట్టిక ప్రకారం ఐరన్ 100 గ్రాములకి 0.6 మి.గ్రా. మాత్రమే, క్యారెట్‌కి 0.3. రెండూ రక్తహీనతకి మందు కావు, దానికోసం ఐతే తోటకూర, పప్పులు, రాగులు చూసుకోండి, మాంసం తినేవాళ్ళు లివర్ చూసుకోండి. ముక్కలు మాత్రం పల్చని మజ్జిగలోనో పసుపు నీళ్ళల్లోనో వేస్తే నల్లబడవు, కానీ తూచేముందు నీళ్ళు వంచి ఒకసారి బట్టతో అద్దండి, లేదంటే తడి బరువు కూడా కలిసిపోతుంది. చేతులకి నూనె రాసుకోవడం మర్చిపోవద్దు, ఆ జిగురు మరక రెండు రోజులుంటుంది.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూద్దాం

పచ్చివి, తినే భాగం 100 గ్రాములకి, ముందు క్యారెట్ తర్వాత పసుపు తిరిగిన ప్లాంటెయిన్:

కేలరీలు 41, 122
నీళ్ళు 88 గ్రా., 65 గ్రా.
పిండిపదార్థం 9.6 గ్రా., 31.9 గ్రా.
పీచు 2.8 గ్రా., 2.3 గ్రా.
ప్రొటీన్ 0.9 గ్రా., 1.3 గ్రా.
పొటాషియం 320 మి.గ్రా., 499 మి.గ్రా.
మెగ్నీషియం 12 మి.గ్రా., 37 మి.గ్రా.
కాల్షియం 33 మి.గ్రా., 3 మి.గ్రా.
సోడియం 69 మి.గ్రా., 4 మి.గ్రా.
విటమిన్ సి 5.9 మి.గ్రా., 18.4 మి.గ్రా.
విటమిన్ బి6 0.14 మి.గ్రా., 0.30 మి.గ్రా.
విటమిన్ ఏ 835 మైక్రోగ్రా., 56 మైక్రోగ్రా.

ఇక్కడ ఆగిపోతే అరటికాయ చాలావాటిల్లో గెలిచినట్టు కనిపిస్తుంది. పొటాషియం ఎక్కువ, మెగ్నీషియం మూడింతలు, సి విటమిన్ మూడింతలు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అసలు పని తర్వాతి స్టెప్పులో ఉంది.

100 గ్రాములు పక్కన పెట్టి 100 కేలరీలకి లెక్క కట్టండి

ఒక కాయలో నీళ్ళు తక్కువ, ఇంకోదాంట్లో ఎక్కువ అన్నప్పుడు బరువుకి బరువు చూస్తే నీళ్ళు తక్కువున్నదే అన్నిట్లో గెలుస్తుంది, అది సహజం, ఎండుద్రాక్షని పచ్చి ద్రాక్షతో పోల్చినట్టు. కాబట్టి రెండిట్లోనూ సమానంగా శక్తి వచ్చేంత తింటే ఏమొస్తుందో చూడాలి. పద్ధతి సింపుల్, 100ని కేలరీలతో భాగించండి, వచ్చినదాంతో మిగతావన్నీ గుణించండి. క్యారెట్‌కి 100 భాగించు 41 అంటే 2.44. అరటికాయకి 100 భాగించు 122 అంటే 0.82. అంటే 100 కేలరీలు రావాలంటే క్యారెట్ 244 గ్రాములు తినాలి, అరటికాయ 82 గ్రాములు చాలు.

ఇప్పుడు పొటాషియం చూడండి. క్యారెట్‌కి 320 ఇంటూ 2.44, అంటే 780 మి.గ్రా. అరటికాయకి 499 ఇంటూ 0.82, అంటే 409. తిరగబడిపోయింది! పీచు క్యారెట్‌కి 6.8 గ్రాములు, అరటికాయకి 1.9. బి6 కూడా తిరగబడింది, 0.34 కి 0.25. మెగ్నీషియం 29, 30, దాదాపు సమానం. విటమిన్ సి 14, 15, అదీ సమానమే. మూడింతలు ఎక్కువని మనం అనుకున్నవన్నీ కేవలం నీళ్ళ తేడా అన్నమాట. నాకు ఈ లెక్క చేసినరోజు నిజంగా కళ్ళు తెరుచుకున్నట్టైంది.

ఐతే ఏ లెక్క కరెక్ట్ అని అడుగుతారు. రెండూ కరెక్టే, ఎందుకు చూస్తున్నారన్నదాన్ని బట్టి. బరువు తగ్గాలి, షుగర్ అదుపులో ఉండాలి అనుకునేవాళ్ళు కేలరీల లెక్క చూడాలి. పిల్లాడు సన్నగా ఉన్నాడు, నాలుగు ముద్దల కంటే తినడు అనుకుంటే బరువు లెక్క చూడాలి, ఎందుకంటే వాడి పొట్టలో పట్టేదే కొంచెం, ఆ కొంచెంలో శక్తి ఎక్కువుండాలి, అక్కడ అరటికాయే మెరుగు. 244 గ్రాముల క్యారెట్ తినమని పిల్లాడి వెంట పడటం జరిగే పని కాదు.

విటమిన్ ఏ లెక్క విడిగా చేసుకోండి

ఈ ఒక్కటీ ఏ లెక్కలో చూసినా క్యారెట్‌దే, అరటికాయ దగ్గరికి కూడా రాదు. కానీ అంకెలు ఎలా వచ్చాయో తెలుసుకుంటే ఎక్కడ చూసినా మోసపోరు.

కూరగాయల్లో విటమిన్ ఏ నేరుగా ఉండదు, కెరోటిన్లు ఉంటాయి, మన ఒళ్ళు వాటిని విటమిన్ ఏగా మార్చుకుంటుంది. తిండిలో 12 మైక్రోగ్రాముల బీటా కెరోటిన్‌కి 1 మైక్రోగ్రాము విటమిన్ ఏ, ఆల్ఫా కెరోటిన్ ఐతే 24కి 1 అని లెక్క. క్యారెట్లో బీటా 8285, 12తో భాగిస్తే 690. ఆల్ఫా 3477, 24తో భాగిస్తే 145. కలిపితే 835, పైన పట్టికలో ఉన్న అంకె అదే. చేసి చూడండి, బాగుంటుంది. ఇప్పుడు ఎక్కడైనా క్యారెట్లో విటమిన్ ఏ 16,700 అని కనిపిస్తే కంగారుపడొద్దు, అది ఐయూ అనే పాత కొలమానం, వస్తువు ఒకటే, కొలత వేరు, గజాలు మీటర్లు లాగా. ఒకవైపు ఐయూ, ఇంకోవైపు మైక్రోగ్రాములు పెట్టి పోల్చిన చార్ట్ ఏదైనా దొరికితే అక్కడే పక్కన పడేయండి.

మన ఎన్ఐఎన్ వాళ్ళ 2020 లెక్క ప్రకారం రోజుకి మగవాళ్ళకి 1000, ఆడవాళ్ళకి 840 మైక్రోగ్రాముల విటమిన్ ఏ కావాలి. ఒక మాదిరి క్యారెట్ 60 గ్రాములుంటుంది, దాంట్లో 500 వస్తుంది, అంటే ఒక్క క్యారెట్‌తో ఆడవాళ్ళకి రోజులో సగం పైనే అయిపోతుంది. అదే అరటికాయతో తెచ్చుకోవాలంటే దాదాపు 900 గ్రాములు తినాలి, కుదరదు కదా.

మన దగ్గర ఈ విటమిన్‌కి పెద్ద చరిత్రే ఉంది. ఒకప్పుడు చిన్నపిల్లల్లో రేచీకటి, కళ్ళు పోవడం ఎక్కువగా ఉండేవి, హైదరాబాద్ ఎన్ఐఎన్‌లో జరిగిన పరిశోధన ఆధారంగానే 1970లో దేశమంతా పిల్లలకి ఆర్నెల్లకోసారి విటమిన్ ఏ ద్రావణం పోసే కార్యక్రమం మొదలైంది. అంగన్‌వాడీలో చెంచాతో పోసేది అదే. కానీ క్యారెట్ తింటే కళ్ళజోడు పోతుందని పిల్లలకి చెప్పకండి, దయచేసి. లోపం వల్ల వచ్చే రేచీకటి వేరు, సైట్ రావడం వేరు. కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళకుండా క్యారెట్ జ్యూస్ పోస్తూ కూర్చుంటే పిల్లాడికి బోర్డు కనపడక క్లాసులో వెనకబడతాడు.

ఇంకోటి, రోజూ గ్లాసులకి గ్లాసులు జ్యూస్ తాగేవాళ్ళకి అరచేతులు, అరికాళ్ళు పసుపుపచ్చగా అవుతాయి. పచ్చకామెర్లేమో అని భయపడతారు. కామెర్లైతే కంట్లో తెల్లగుడ్డు కూడా పచ్చబడుతుంది, క్యారెట్ వల్లైతే తెల్లగుడ్డు తెల్లగానే ఉంటుంది, మానేస్తే మెల్లగా తగ్గిపోతుంది. అనుమానంగా ఉంటే మాత్రం ఊహించుకుంటూ కూర్చోకుండా చూపించుకోండి.

పొయ్యి మీదకెక్కాక ఏం మారుతుందో చూడండి

పచ్చి అరటికాయ ఎవరూ తినరు, కాబట్టి పచ్చి అంకెల్తోనే ఆగితే సగం పనే చేసినట్టు.

క్యారెట్ ఉడికించి నీళ్ళు వంచేస్తే పొటాషియం 320 నుంచి 235కి పడిపోతుంది, సి విటమిన్ 5.9 నుంచి 3.6కి. అంతా ఆ నీళ్ళల్లోకే, వేడికే పోయింది. కెరోటిన్ మాత్రం నీళ్ళల్లో కరగదు, అలాగే ఉంటుంది, పైపెచ్చు ఉడికినా తురిమినా కణాల గోడలు విరిగి ఒంటికి ఇంకా బాగా అందుతుంది. కెరోటిన్‌కి నూనె కావాలి, అందుకే ఒట్టి క్యారెట్ ముక్కలు కరకరా నమలడం కంటే, తురిమి ఒక టీస్పూన్ నూనెతో ఆవాలు, మినప్పప్పు, ఇంగువ పోపు పెట్టి, నిమ్మకాయ పిండి, కొబ్బరి చల్లిన కోసంబరి పది రెట్లు మంచి పని. మన పెద్దవాళ్ళు పోపు రుచి కోసం పెట్టారో దేనికి పెట్టారో గానీ కెరోటిన్‌కి అది సరిగ్గా సరిపోయింది.

అరటికాయ ఉడికిస్తే పొటాషియం పెద్దగా తగ్గదు, 465 దాకా ఉంటుంది, సి విటమిన్ 18 నుంచి 11కి వస్తుంది. దీంట్లో ఆసక్తిగా ఉండేది పిండి సంగతి. గట్టి పచ్చికాయలో చక్కెర 2.3 గ్రాములే, పసుపు తిరిగేసరికి 17.5 గ్రాములు అవుతుంది. మొత్తం పిండిపదార్థం అంతగా మారదు, పిండే చక్కెర అవుతుంది. పచ్చికాయలో పిండి చాలావరకు చిన్నపేగుల్లో అరగకుండా కిందకి వెళ్ళి పీచులాగా పనిచేస్తుంది, అందుకే పచ్చి అరటికాయ మంచిదని చెప్తారు. కానీ ఉడికిస్తే ఆ గుణం చాలావరకు పోతుంది, చల్లారాక కొంత తిరిగి వస్తుంది. కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళకి కూర కోసం కొనేటప్పుడు గట్టిగా, ముదురు ఆకుపచ్చగా ఉన్నవే తీసుకోండి, బుట్టలో నాలుగు రోజులుండి పసుపు తిరిగిన కాయని వేపుడు చేస్తే తియ్యగా తగులుతుంది చూడండి, ఆ తీపి ఊరికే రాలేదు.

ఇక నూనె. ఇదే అసలు శత్రువు. పచ్చిది 152 కేలరీలున్న కాయ నూనెలో వేయించాక 309 అవుతుంది, కొవ్వు దాదాపు సున్నా నుంచి 11.8 గ్రాములకి ఎక్కుతుంది. నీళ్ళు పోయి నూనె ఎక్కుతుంది. అరటికాయ బజ్జీకి శనగపిండి తొడుగు కూడా ఉంటుంది కాబట్టి ఇంకా పైకే. అరటికాయ మంచిదే కదా అని నాలుగు బజ్జీలు లాగించి, తర్వాత కాయని తిట్టడం న్యాయం కాదు. ఉడికించి ఆవపెట్టిన కూరో, కాయని సెగ మీద నల్లగా కాల్చి తొక్క ఊడదీసి మెదిపి పెరుగులో కలిపిన పచ్చడో ఐతే నూనె పోపు వరకే పడుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఎక్కువ ఆ పచ్చడే.

చివరికి మీ పళ్ళెం లెక్క

ఇంతవరకు 100 గ్రాములు 100 కేలరీలు అన్నాం, మనం తినేది కూర. నలుగురికి చేసే కూర తీసుకుందాం. చెక్కు తీసిన ముక్కలు 500 గ్రాములు. అరటికాయ వేపుడుకి నూనె మూడు టేబుల్ స్పూన్లు, ఒక్కో స్పూన్ 120 కేలరీలు, అంటే 360. ముక్కలవి పసుపు ప్లాంటెయిన్ లెక్కలో 610. మొత్తం 970, మనిషికి 240 చిల్లర. అదే ముక్కలు పాత పుస్తకం లెక్కలో 320, నూనెతో 680, మనిషికి 170. క్యారెట్ కూరకి నూనె రెండు స్పూన్లు సరిపోతుంది, 205 ప్లస్ 240, మొత్తం 445, మనిషికి 110. విటమిన్ ఏ మనిషికి క్యారెట్ కూరలో 1000 పైన, అరటికాయ కూరలో 70. గమనించారా, అరటికాయ వేపుడులో మూడో వంతు నుంచి సగం దాకా కేలరీలు నూనెవే.

పిండిపదార్థం కూడా ఇలాగే. మనిషికి వచ్చే 125 గ్రాముల ముక్కల్లో ప్లాంటెయిన్ లెక్కలో 40 గ్రాములు, పాత పుస్తకం లెక్కలో 17.5 గ్రాములు. వండిన అన్నం ఒక కప్పు, అంటే 150 గ్రాముల్లో దాదాపు 42 గ్రాములుంటుంది. అంటే గట్టి రకం కాయ ఐతే కూర కాదు, ఇంకో కప్పు అన్నం తిన్నట్టే, బొంతకాయ ఐతే అర కప్పు కంటే తక్కువ. ఎండబెట్టి తూచమన్నది ఇందుకే. క్యారెట్ కూర ఐతే 12 గ్రాములు.

ధర కూడా చూస్కోవాలనుకుంటే ఒక చిక్కుంది, క్యారెట్ కిలో లెక్క, అరటికాయ ఒక్కోటి లేదా డజను లెక్క. ఒక కాయ చెక్కు తీసి తూచి, తినే భాగం కిలోకి ఎంత పడిందో కట్టుకోండి, క్యారెట్‌కి 11 శాతం తీసేసి కట్టుకోండి. గోదావరి జిల్లాల్లో, రావులపాలెం చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఈ లెక్క అరటికాయకే మొగ్గుతుంది, హైదరాబాద్‌లో సీజన్ని బట్టి మారుతుంది.

ఎవరు జాగ్రత్తపడాలి

కిడ్నీ సమస్య ఉండి డాక్టర్ పొటాషియం తగ్గించమన్నవాళ్ళు ఈ రెండిటి లెక్కా డాక్టర్‌తోనో డైటీషియన్‌తోనో మాట్లాడే తినండి. మామూలు మనిషికి ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి కనీసం 3510 మి.గ్రా. పొటాషియం తీసుకోమంటుంది, వాళ్ళకి అది వరం, కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి అదే ప్రమాదం. అలాంటివాళ్ళకి కూర చేసేటప్పుడు చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్ళల్లో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే కొంత తగ్గుతుంది. మనం మామూలుగా నీళ్ళు పారబోయొద్దు బలం పోతుంది అంటామే, వీళ్ళ విషయంలో సరిగ్గా దానికి ఉల్టా.

షుగర్ ఉన్నవాళ్ళు క్యారెట్‌కి భయపడక్కర్లేదు, కూరలాగా ముక్కల్లాగా తినండి, జ్యూస్ మాత్రం వద్దు, పీచు వడకట్టేసి నాలుగు క్యారెట్ల చక్కెర ఒక్క గుక్కలో తాగినట్టవుతుంది. తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో ఒకరోజు అరటికాయ కూర తిన్నాక, ఇంకోరోజు క్యారెట్ కూర తిన్నాక, అన్నం అదే కొలత పెట్టుకుని చూసి రాసుకోండి. పట్టికలన్నిటికంటే మీ ఒంటికి సంబంధించిన అంకె అది.

నాన్న అలాగే ఒక చిన్న నోట్ బుక్‌లో రాసుకున్నారు, రెండు వారాలు. మా కాయల్ని ఎండబెట్టి తూస్తే 23 గ్రాములు వచ్చాయి, బొంతకాయే అన్నమాట. ఇప్పుడు అరటికాయ కూర ఉన్న రోజు ఆయనే కంచంలో అన్నం ఒక గరిటె తీసి గిన్నెలో వేసేస్తారు, ఎవరూ చెప్పక్కర్లేదు. క్యారెట్ కోసంబరి రోజు మాత్రం ఇంకాస్త వెయ్యమని గిన్నె ముందుకు జరుపుతారు.